సున్నపురాతి పలక మీద నిలబడ్డ ఊరు

అమెరికా మిడ్‌వెస్ట్, అంటే ఆ దేశపు ఉత్తర మధ్య భాగం, గురించి తెలుగులో ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది. అక్కడ ఖాళీ నేల ఉండేదట, కష్టజీవులు వచ్చి దున్నారట, ఊళ్లు వెలిశాయట, మిల్లులు లేచాయట. ఇందులో కష్టం ఒక్కటే నిజం. నేల ఖాళీగా లేదు, నది పనికి సిద్ధంగా లేదు, ఆ చలి ప్రాంతంలో పండే గోధుమకు మంచి ధర ఇచ్చేవాడూ లేడు. ఈ మూడు అడ్డంకులనూ మనుషులే తొలగించారు. ఒక్కోటి తొలగించడానికి అయిన ఖర్చు ఎవరి నెత్తిన పడింది, లాభం ఎవరి జేబులోకి వెళ్లింది అని అడగకుండా సరిహద్దు ప్రాంతాల చరిత్ర చెప్పడం సగం చెప్పడమే అని నా గట్టి అభిప్రాయం. మిడ్‌వెస్ట్ అంతా చుట్టి రావక్కర్లేదు. మిన్నెసోటాలోని మినియాపొలిస్ ఒక్కటి చాలు. 1880 నుంచి 1930 దాకా ప్రపంచంలో గోధుమపిండికి అంతకు మించిన ఊరు లేదు.

ముందు ఆ నది సంగతి. మిసిసిపీ నది మొత్తం పొడవునా పెద్ద జలపాతం ఒక్కటే ఉంది. ఆ నేల మీద ముందునుంచీ ఉన్న ఆదివాసులైన డకోటా ప్రజలు దాన్ని ఒవామ్నియోమ్ని అంటారు, సుడులు తిరిగే నీళ్లు అని అర్థం. 1680లో అటు వచ్చిన లూయీ హెన్నెపిన్ అనే మతగురువు దానికి సెయింట్ ఆంథొనీ పేరు పెట్టాడు. పటాల్లో ఆ పేరే నిలిచింది.

ఆ జలపాతం ఎలా నిలబడి ఉందో తెలిస్తే తర్వాత జరిగినదంతా అర్థమవుతుంది. పైన గట్టి సున్నపురాయి పలక ఉంటుంది. దాని కింద ఇసుకరాయి, పేరుకే రాయి, చేత్తో నలిపితే పంచదారలా రాలుతుంది. నీళ్లు పలక అంచు మీంచి దూకి, కింద సుడి తిరుగుతూ ఇసుకరాతిని తొలుస్తాయి. అడుగు ఖాళీ అయిన పలక కొంతకాలం చూరులా వేలాడి, చివరికి విరిగి పడుతుంది. జలపాతం అంతమేర వెనక్కి జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ సుమారు 12,000 ఏళ్లలో ఇప్పటి సెయింట్ పాల్ దగ్గర్నుంచి మైళ్ల దూరం ఎగువకు వచ్చింది. ఇంకొంచెం ఎగువకు పోతే ఆ సున్నపురాయి పలచబడి, ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. జలపాతం అక్కడిదాకా జరిగిందంటే ఇక దూకడం ఉండదు, రాళ్ల మీద జారే ఉరవడి మిగులుతుంది. నీరు దూకే ఎత్తు పోతే మరలు తిప్పే బలం పోతుంది. అంటే అక్కడ లేవబోయే ఊరి బతుకంతా కొద్ది అడుగుల మందమున్న ఒక పలక మీద ఆధారపడి ఉంది.

ఇక నేల. దగ్గర్లోని స్నెల్లింగ్ కోటలో ఉన్న అమెరికా సైనికులు 1820ల మొదట్లోనే జలపాతం పడమటి గట్టున ఒక కలప కోతమిల్లు, ఒక పిండిమర పెట్టుకున్నారు. ఆదివాసులతో కుదిరిన 1837 ఒప్పందాలతో తూర్పు గట్టు ప్రభుత్వం చేతికి వచ్చింది. ఒప్పందం ఖరారైన కబురు అందీ అందగానే, 1838లో ఫ్రాంక్లిన్ స్టీల్ అనే వ్యాపారి జలపాతాన్ని ఆనుకుని ఉన్న ముక్కను తనదిగా గుర్తు పెట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత, 1848లో, అతని కోతమిల్లు నడిచింది. పెద్ద భూమి 1851లో కదిలింది. ట్రావర్స్ డి సూ, మెండోటా అనే రెండు చోట్ల కుదిరిన ఒప్పందాలతో డకోటా ప్రజలు సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు వదులుకున్నారు. కాగితం మీద వాళ్లకు రాసింది 16,65,000 డాలర్లు ఒకచోట, 14,10,000 డాలర్లు ఇంకోచోట. ఎకరానికి 13 సెంట్ల లోపు. అదే భూమిని ప్రభుత్వం వలసవచ్చినవాళ్లకు ఎకరం 1 డాలరు 25 సెంట్లకు అమ్మింది, పదింతల దాకా.

ఆ కొద్ది డబ్బూ చేతికి రాలేదు. అసలులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుని 50 ఏళ్లపాటు ఏటా 5 శాతం వడ్డీ ఇస్తానంది. మిగిలిన దాంట్లో ఇంకో మెలిక. ట్రావర్స్ డి సూలో సంతకాలప్పుడు డకోటా పెద్దల ముందుకు మరో కాగితం వచ్చింది. వాళ్ల పేరున వ్యాపారులు రాసుకున్న బాకీలను ఆ డబ్బులోంచి నేరుగా వ్యాపారులకే కట్టెయ్యాలని అందులో ఉంది. అది ఒప్పందానికి ఇంకో ప్రతి అనుకుని సంతకం చేశామని పెద్దలు తర్వాత మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. అప్పు పత్రం మీద వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న కథలు మన పల్లెల్లోనూ ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతిని వివరించక్కర్లేదు.

మిగిలింది మిన్నెసోటా నది వెంబడి సన్నని పట్టీ. 1858లో అందులోనూ సగం పోయింది. 1862 వేసవిలో ఏటా రావాల్సిన డబ్బు ఆలస్యమైంది, గిడ్డంగిలో సరుకున్నా అప్పు మీద ఇచ్చేది లేదన్నారు, పిల్లాజెల్లా ఆకలితో ఉన్నారు. ఆగస్టు 18న డకోటాలకూ ప్రభుత్వానికీ యుద్ధం మొదలైంది. ఆలస్యమైన ఆ డబ్బు, బంగారు నాణేల పెట్టె, రిడ్జ్‌లీ కోటకు చేరిందీ ఆ రోజే. ఆ యుద్ధంలో వలసవచ్చినవాళ్లూ వందల్లో చచ్చిపోయారు, అది దాచాల్సిన విషయం కాదు. సైనిక విచారణలో 303 మందికి మరణశిక్ష పడింది. అధ్యక్షుడు లింకన్ జాబితాను కుదించాక 1862 డిసెంబరు 26న మన్కేటోలో 38 మందిని ఒకే వేదిక మీద ఉరితీశారు. మరుసటి ఏడు అమెరికా చట్టసభ కాంగ్రెసు పాత ఒప్పందాలన్నీ రద్దు చేసి డకోటాలను రాష్ట్రం నుంచే వెళ్లగొట్టింది. హోమ్‌స్టెడ్ చట్టం వచ్చిందీ 1862లోనే. 160 ఎకరాలు, ఐదేళ్లు ఉండి సాగు చేస్తే సొంతం, రుసుములు తప్ప ధర లేదు. ‘ఉచిత భూమి’ అన్నమాట వినగానే ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఉచితం అన్నది పుచ్చుకున్నవాడికే.

నేల చేతికొచ్చాక కొలత. ప్రభుత్వ సర్వేయర్లు 66 అడుగుల గొలుసుతో దేశాన్ని గళ్లు గళ్లుగా కోశారు. 80 గొలుసులు ఒక మైలు, మైలు చదరం ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు. 36 సెక్షన్లు ఒక టౌన్‌షిప్. మిన్నెసోటాలో ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16వ, 36వ సెక్షన్లు బళ్ల కోసం పక్కన పెట్టారు. గుట్ట, చెరువు, పాత దారి, ఎవరి శ్మశానం, ఏదీ చూడని గీత అది. కానీ ఎక్కడో న్యూయార్కులో కూర్చున్నవాడు కంటితో చూడని పొలాన్ని కాగితం మీద కొనగలిగింది ఆ గీత వల్లే. రైళ్ల కంపెనీలకు లక్షల ఎకరాలు దానమివ్వడం కూడా ఆ గళ్ల లెక్కతోనే సాధ్యమైంది.

1856లో రెండు గట్ల మీదా రెండు నీటి కంపెనీలు పుట్టాయి. ఇవి పిండి ఆడవు, కలప కొయ్యవు. ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి, నీటిని అద్దెకిస్తాయి. పడమటి గట్టు కంపెనీ జలపాతం పైనుంచి నీటిని పక్కకు తిప్పి ఒక కాలువలోకి మళ్లించింది. వెడల్పు 50 అడుగులు, లోతు 14 అడుగులు, తర్వాత్తర్వాత పొడిగించి లోతు చేశారు. కాలువకు రెండు పక్కలా మిల్లులు. ప్రతి మిల్లు నేలమాళిగలో నిలువు గొయ్యి ఉంటుంది. కాలువ నీళ్లు చెత్త ఆపే కమ్మీల జాలి దాటి ఆ గోతిలో పడి, అడుగున ఉన్న టర్బైన్‌ను తిప్పి, ఇసుకరాతిలో తవ్విన సొరంగం గుండా జలపాతం దిగువన నదిలో కలుస్తాయి. టర్బైన్ నిలువు ఇరుసు మీద పళ్లచక్రం, దాన్నుంచి అడ్డ ఇరుసు, అక్కడి నుంచి తోలు పట్టాలు అంతస్తు అంతస్తుకీ.

అద్దె కొలత పేరు ‘మిల్ పవర్’. సెకనుకు 30 ఘనపుటడుగుల నీరు 22 అడుగుల ఎత్తు నుంచి పడితే ఒక మిల్ పవర్. లెక్క చూడండి: ఘనపుటడుగు నీరు 62.4 పౌండ్లు, 30 అయితే 1,872. దాన్ని 22తో గుణిస్తే సెకనుకు 41,184 అడుగు-పౌండ్లు. 550తో భాగిస్తే 75 హార్స్‌పవర్‌కు కాస్త తక్కువ. టర్బైన్‌లో, పళ్లచక్రాల్లో పోయేది పోగా మిల్లుకు దక్కేది ఇంకా తక్కువ. కాగితం మీద ఈ కొలత స్పష్టంగానే ఉన్నా ఎవరు ఎంత తోడుతున్నారో చూసే మీటరు లేదు. పక్కవాడి కంటే పెద్ద టర్బైన్ పెట్టి ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ నీరు లాగడం మామూలైపోయింది. ఎండాకాలం చివర, గడ్డకట్టే చలిలో, నదిలో నీరు తగ్గినప్పుడు ఆఖరి మిల్లుకు నీరందేది కాదు. మన కాలువల కింద చివరి భూముల రైతుకు తెలిసిన బాధే.

ఇన్ని మిల్లులు నీటిని పక్కకు లాగేసరికి జలపాతం అంచు చాలాచోట్ల ఎండిపోయింది. తడి ఉన్నంతకాలం దెబ్బతినని సున్నపురాయి, ఎండి, పగుళ్లలో నీరు గడ్డకట్టి, మళ్లీ కరిగి, మళ్లీ గడ్డకట్టి పొరలు పొరలుగా ఊడింది. ఎగువ అడవుల్లో కొట్టిన పైన్ దుంగలు వరద మీద వచ్చి అంచును డీకొట్టేవి. మిల్లుల సొరంగాలు కిందనుంచి ఇసుకరాతిని తవ్వేశాయి. వెయ్యేళ్లలో జరగాల్సింది పదేళ్లలో జరుగుతోందని అందరికీ కనబడుతోంది.

అప్పుడు విలియం ఈస్ట్‌మన్, అతని భాగస్వాములు ఇంకో సొరంగం మొదలుపెట్టారు. జలపాతానికి ఎగువనున్న నికొలెట్ ద్వీపం వాళ్లది. అక్కడ మిల్లులు కట్టాలంటే వాడిన నీటిని దిగువకు వదిలే దారి కావాలి. అందుకు దిగువ నుంచి మొదలుపెట్టి, జలపాతం అడుగుగుండా, సున్నపురాయి పలక కింద, 2,500 అడుగుల సొరంగం. ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. ఇసుకరాయి మెత్తన కాబట్టి తవ్వకం చవక. ప్రమాదమూ అక్కడే ఉంది. పై పలకలో ఎక్కడ పగులున్నా నది నీరు దాన్లోంచి దిగి, మెత్తటి రాతిని కోసుకుంటూ, తెరిచి ఉన్న సొరంగంలోకి దారి చేసుకుంటుంది. ఒక్కసారి దారి దొరికాక నీరు దాన్ని తనంతట తనే పెంచుకుంటుంది.

1869 అక్టోబరు 4న సొరంగంలో ఊట కనబడింది. 5న ఉధృతమైంది. ఎగువన నది మధ్య సుడి తిరిగింది, కింద సొరంగం నోట్లోంచి బురదనీరు విరజిమ్మింది. ఊరంతా పరుగెత్తింది. దుంగలు, బండరాళ్లు, మట్టి, చేతికి ఏది దొరికితే అది ఆ రంధ్రంలోకి తోశారు. అది మింగేసింది. చివరికి పెద్ద కొయ్య తెప్పలు కట్టి, రాళ్లు నింపి, రంధ్రం మీదికి తెచ్చి ముంచితే కొంత ఆగింది. ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకుంది. ఆ తర్వాత ఏడేళ్లు ఇదే పని.

ఎవరు ఆపారు? మొదట ఊరివాళ్లు, నీటి కంపెనీలు డబ్బు వేసుకున్నారు. సరిపోలేదు. ఫెడరల్ ప్రభుత్వం సైనిక ఇంజినీర్లను పంపింది. నదిలో పడవల రాకపోకలను కాపాడటానికి అన్నది కాగితం మీద రాసుకున్న కారణం. 1874 నుంచి 1876 దాకా మేజర్ ఫ్రాన్సిస్ ఫర్‌క్వార్ పర్యవేక్షణలో నది అడుగున ఒక కాంక్రీటు గోడ కట్టారు. పద్ధతి ఇదీ. గట్టు నుంచి గొయ్యి దించి, సున్నపురాయి పలకకు సరిగ్గా కింద నదికి అడ్డంగా తవ్వుకుంటూ పోవాలి. తవ్విన ఖాళీని వెనువెంటనే కాంక్రీటుతో నింపాలి. నింపింది పలక అడుగుకు గట్టిగా అంటుకోవాలి, వేలు దూరేంత సందు మిగిలినా శ్రమంతా వృథా. అలా సుమారు 1,850 అడుగుల పొడవు, 40 అడుగుల లోతు. తర్వాత జలపాతం ముఖం మీద కొయ్య దిమ్మలతో వాలుబల్ల పరిచారు, నీరు దూకకుండా జారేలా. ఇన్ని మరమ్మతులకు ప్రభుత్వ ఖజానా నుంచి వెళ్లింది 6 లక్షల డాలర్లకు పైమాటే. మినియాపొలిస్ సొంతంగా ఎదిగిన ఊరు అని ఎవరైనా అంటే నేను ముందు ఈ గోడ చూపిస్తాను. అది లేకపోతే 1880 నాటికి అక్కడ తిప్పడానికి నీళ్లుండవు.

ఇప్పుడు మూడో అడ్డంకి, గోధుమ. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇది మన వంటింటి దాకా వచ్చింది.

చలి తక్కువగా ఉండే చోట గోధుమను శీతాకాలానికి ముందు చల్లుతారు, అది మంచు కింద బతికి వేసవిలో కోతకొస్తుంది. మిన్నెసోటాలో, దాని పక్కనున్న డకోటా ప్రాంతంలో చలికి అది చస్తుంది. అందుకని వసంతంలో చల్లి ఆగస్టులో కోసే గట్టి గోధుమ వేశారు. ఈ గింజలో గ్లూటెన్ అనే, పిండిని సాగేలా చేసే మాంసకృత్తు ఎక్కువ, రొట్టె బాగా పొంగుతుంది. కానీ దాని పొట్టు పెళుసు. అప్పటి మరలు మన తిరగలి లాంటివే, కాకపోతే నాలుగడుగుల పైచిలుకు రాళ్లు. కింది రాయి కదలదు, పైది తిరుగుతుంది, కక్కు కొట్టిన గాళ్లు గింజను కోస్తూ అంచుకు తోస్తాయి. రాళ్లను బాగా దగ్గరగా బిగించి ఒక్క దెబ్బకు పిండి చేయడం అప్పటి పద్ధతి. మెత్తని గోధుమకు అది సరిపోతుంది, దాని పొట్టు వెడల్పాటి రేకుల్లా ఊడి జల్లెడ మీద మిగులుతుంది. పెళుసు పొట్టు అలా కాదు. పొడుం పొడుం అయి పిండితోపాటు జల్లెడ దిగిపోతుంది. పిండి మచ్చల మచ్చలుగా, గోధుమరంగుగా ఉంటుంది. గట్టి గింజ కోసం రాళ్లను ఇంకా బిగిస్తే వేడెక్కి పిండి రంగు మారుతుంది, నిల్వ ఆగదు. అందుకే సెయింట్ లూయీ నగరం పిండి ముందు మిన్నెసోటా పిండి తక్కువ ధరకు పోయేది.

ఇంకో చిక్కు. గట్టి గింజను రాళ్లలో వేస్తే మధ్యభాగం పిండి కాకుండా పలుకులుగా విరుగుతుంది. గ్లూటెన్ మెండుగా ఉండేది ఆ పలుకులోనే. కానీ అందులో పొట్టు ముక్కలు కలిసిపోయి ఉంటాయి, పలుకూ పొట్టూ ఒకే సైజు, జల్లెడకు తేడా తెలియదు. దాన్ని చవగ్గా అమ్మేసేవారు. మనం ఆ పలుకును శుభ్రం చేసి రవ్వ అంటాం. ఉప్మా చేసుకునే బొంబాయి రవ్వ అదే.

పరిష్కారం మన అమ్మమ్మలు చేటతో చేసేదే. ఒకే సైజు ఉన్నా పొట్టు తేలిక, పలుకు బరువు. చెరిగితే విడిపోతాయి. 1870-71లో కాడ్వాలడర్ వాష్‌బర్న్ అనే యజమాని మిల్లులో, మేనేజరు జార్జ్ క్రిస్టియన్ ప్రోత్సాహంతో, ఎడ్మండ్ లక్రోయి అనే ఫ్రెంచి మిల్లు నిపుణుడు ఆ చెరగడాన్ని యంత్రంగా చేశాడు. కాస్త వాలుగా అమర్చిన పట్టుగుడ్డ జల్లెడ, అది అదేపనిగా ఊగుతుంది. కిందనుంచి ఫ్యాను గాలి పైకి లాగుతుంది. బరువైన పలుకు గుడ్డలోంచి కిందికి దిగుతుంది, పొట్టు గాలిలో లేచి పక్కకు పోతుంది. గాలి ఎక్కువైతే మంచి పలుకు కూడా ఎగిరిపోతుంది, తక్కువైతే పొట్టు దిగుతుంది. రవ్వ సైజును బట్టి గాలి సర్దాలి, అందుకే ముందు రవ్వను సైజులవారీగా వేరుచేసి ఒక్కో సైజుకు ఒక్కో యంత్రం పెట్టారు. మరో తంటా, పట్టుగుడ్డ కన్నాలు గంటల్లో పూడుకుపోయేవి. జార్జ్ స్మిత్ అనే మరో నిపుణుడు గుడ్డ కింద అటూ ఇటూ నడిచే బ్రష్షు తగిలించాడు. చిన్న బ్రష్షే, కానీ అది లేకపోతే యంత్రం ఒక పూట కూడా సాగదు. శుభ్రమైన రవ్వను మళ్లీ రాళ్లలో వేస్తే వచ్చిన పిండి తెల్లగా, బలంగా ఉంది. రాళ్లను ఇప్పుడు బిగించడం మానేసి, ఎడంగా పెట్టి, మెల్లగా తిప్పసాగారు, వీలైనంత ఎక్కువ రవ్వ రావాలని. నిన్నటిదాకా తక్కువ ధర పలికిన గోధుమ దేశంలోకెల్లా ఖరీదైన పిండి అయింది.

రవ్వను చెరిగిన గాలి ఊరికే పోదు. దాన్లో సన్నని పిండి ధూళి ఉంటుంది. గొట్టాల్లోంచి ధూళి గదుల్లోకి పోయేది, చాలా భాగం మిల్లులోనే తిరిగేది. దూలాల మీద, పట్టాల మీద, గోడల మీద పేరుకునేది. ఒక ఘనమీటరు గాలిలో 50 గ్రాములకు అటూఇటూ పిండి తేలుతుంటే నిప్పురవ్వ చాలు, మంట ఒక్కసారిగా అంతా పాకుతుంది. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు, కానీ దాని అదురుకు దూలాల మీద నిద్రపోతున్న ధూళంతా గాల్లోకి లేస్తుంది, ఇల్లు కూల్చేది రెండో పేలుడు.

1878 మే 2 సాయంత్రం ఏడు గంటల వేళ, రాత్రి పని మొదలైన కాసేపటికి, వాష్‌బర్న్ ‘ఎ’ మిల్లు పేలింది. అప్పటికి దేశంలోకెల్లా పెద్దది, ఏడంతస్తులకు పైన. లోపలున్న 14 మందిలో ఒక్కరూ బతకలేదు. పక్క మిల్లుల్లో మరో నలుగురు. మొత్తం 18 మంది. చుట్టుపక్కల ఇంకో ఐదు మిల్లులు నాశనమయ్యాయి. విచారణలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పెక్, పెక్‌హామ్ అనే ఇద్దరు ఆచార్యులు పెట్టెల్లో పిండి ధూళి లేపి, మంట అంటించి, మూతలు ఎగరగొట్టి చూపించారు. మూలం, గింజ అయిపోయి ఒట్టిగా తిరిగిన రాళ్లు. రాయీ రాయీ రాచుకుని పుట్టిన నిప్పురవ్వ ఆ గాలిగొట్టంలో పడింది. ధరను పెంచిన యంత్రమే చావును తెచ్చిన యంత్రం కూడా. ఆ లాభాల లెక్క రాసేటప్పుడు రాత్రి పనికి వచ్చిన 14 మందిని పక్కన పెట్టి రాయకూడదు.

తర్వాత మార్పులు చకచకా జరిగాయి. ధూళి పట్టే యంత్రం అమ్మడానికి వచ్చిన విలియం డి లా బార్ అనే ఆస్ట్రియా ఇంజినీరును వాష్‌బర్న్ కంపెనీ తనలోనే చేర్చుకుంది. అతను హంగరీ వెళ్లి అక్కడి మిల్లుల్లో వాడే రోలర్లు చూసి వచ్చాడు. రాళ్ల బదులు గట్టిపరచిన ఇనుప రోలర్ల జతలు, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. మొదటి జతలకు గీతలుంటాయి, అవి గింజను పగలదీస్తాయి. తర్వాతి గీతల జతలు పొట్టుకు అంటుకున్న పలుకును గీకుతాయి. ప్రతి జత తర్వాత జల్లెడ, చెరుగుడు. నున్నటి రోలర్లు చివర్లో రవ్వను పిండి చేస్తాయి. ఒక్క దెబ్బకు కాకుండా మెట్లు మెట్లుగా. రోలర్లు రాళ్లంతగా వేడెక్కవు, కక్కు కొట్టించే పని లేదు, రాయికి రాయి తగిలి నిప్పు పుట్టదు. ఇప్పుడు విశాఖలోనో హైదరాబాద్‌లోనో రోలర్ ఫ్లోర్ మిల్లులోకి గోధుమ వెళ్లి మైదా, రవ్వ, తవుడుగా విడిపోయేది ఈ క్రమంలోనే.

1881లో తూర్పు గట్టున పిల్స్‌బరీ ఎ మిల్లు లేచింది, సున్నపురాతి గోడలతో, అడుగున 1,200 హార్స్‌పవర్ టర్బైన్లు రెండు. 196 పౌండ్ల పీపా ఒక్కటి నింపాలంటే 60 పౌండ్ల గోధుమ తూగే బుషెల్ అనే కొలతలు నాలుగున్నర కావాలి, అంటే నూటికి 72, 73 వంతులు పిండి, మిగిలింది పొట్టు, పశువుల దాణా. అలాంటి పీపాలు 1916 నాటికి ఊరు మొత్తం మీద ఏడాదికి సుమారు 2 కోట్లు.

ఇన్ని గింజలు పండించినవాడి సంగతి ఈ వైభవంలో చాలామంది మరిచిపోతారు. పల్లె రైల్వే స్టేషన్ దగ్గర ఎలివేటరు, అంటే గింజలు కొని నిల్వచేసే ఎత్తైన గోదాము, ఉంటుంది, చాలావాటికి యజమానులు మిల్లులో, వాటి బంధు కంపెనీలో. రైతు బండి తోలుకొస్తే కాటా వాళ్లది, గ్రేడు చెప్పేది వాళ్లే, మట్టి, కలుపు గింజల పేరిట తరుగు తీసేది వాళ్లే. మార్కెట్ యార్డులో తేమ శాతం చెప్పి ధర కోసిన రోజు మన రైతు మొహం చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. 1885లో మిన్నెసోటా ప్రభుత్వం తనిఖీ పెట్టింది, కొంత మేలు జరిగింది. కానీ గ్రేడు అనేదే మిల్లుకు అనుకూలంగా ఉందన్న అనుమానం పోలేదు. 1916లో కుంకుమ తెగులు సోకి నార్త్ డకోటా గోధుమ తాలుబోయింది, పశువుల దాణా గ్రేడు కట్టి కొన్నారు. అక్కడి వ్యవసాయ కళాశాల రసాయనశాస్త్రవేత్త ఎడ్విన్ లాడ్ ఆ గింజనే ఆడించి, రొట్టెలు కాల్పించి, ఆ ధర చూసి ఊహించేదానికన్నా చాలా మంచి పిండి వస్తోందని చూపించాడు. అంటే దాణా ధరకు కొన్నది రొట్టె ధరకు అమ్ముతున్నారు. అప్పటికే 1915లో ఆర్థర్ టౌన్లీ మొదలుపెట్టిన రైతుల రాజకీయ సంఘం నాన్‌పార్టిజన్ లీగ్ నార్త్ డకోటాలో ఊపులో ఉంది. లీగ్ ఎన్నికల్లో గెలిచి, రాష్ట్రమే ఒక బ్యాంకు, ఒక మిల్లు పెట్టింది. గ్రాండ్ ఫోర్క్స్‌లోని ఆ మిల్లు 1922లో తెరుచుకుంది, ఇవాళ్టికీ రాష్ట్ర ప్రభుత్వానిదే, ఇవాళ్టికీ పిండి ఆడుతోంది. ఈ కథ మొత్తంలో పండించినవాడు తన వాటా అడిగి తెచ్చుకున్న చోటు ఇదొక్కటే, అందుకే దీన్ని మిల్లు యజమానుల భవనాల కన్నా పెద్దదిగా చూస్తాను.

మినియాపొలిస్ మిల్లులు తాము మాత్రం అన్యాయానికి గురైతే ఊరుకోలేదు. షికాగో రైళ్లు పిండికి ఎక్కువ, ముడి గోధుమకు తక్కువ కిరాయి పెడుతున్నాయని, 1883లో సొంత రైలు కంపెనీయే పెట్టి కెనడా సరిహద్దులోని సూ సెయింట్ మేరీ మీదుగా తూర్పుకు వేరే దారి వేసుకున్నారు. 1920ల్లో కిరాయిల తేడా మళ్లీ ఎదురుతిరిగింది. మహా సరస్సుల మీద ఓడల్లో గోధుమ చవగ్గా న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకు చేరేది, అక్కడ కెనడా గోధుమను సుంకం లేకుండా ఆడించి ఎగుమతి చేయవచ్చు. 1930లో పిండిలో బఫెలో ముందుకు వెళ్లింది. వాష్‌బర్న్ ఎ మిల్లు 1965లో మూతపడింది, 1991లో తగలబడింది, మిగిలిన మొండిగోడల మధ్య 2003 నుంచి మ్యూజియం నడుస్తోంది.

జలపాతం పక్కన డకోటాలు పవిత్రంగా భావించే ఆత్మల ద్వీపం ఒకటుండేది. సున్నపురాయి కోసం దాన్ని ముక్కలు ముక్కలుగా తవ్వుకుపోయారు, మిగిలింది 1960 ప్రాంతంలో పడవల లాకు కట్టడానికి తీసేశారు. ఆ లాకు 1963లో తెరిచారు, 2015 జూన్‌లో మూసేశారు. ఇప్పుడు నది కాంక్రీటు వాలు మీంచి జారుతుంది. పలక కింద, వెలుగు పడని చోట, 1876 నాటి గోడ ఇంకా ఉంది.